మడిచిన చీటీ, చుట్టిన చీటీ

మా మామ ఇంగ్లీషంతా బోరుబావి దగ్గర నేర్చుకున్నదే. మోటారు, స్టార్టరు, ఫ్యూజు, కేబులు. ఆ నాలుగు మాటలతో అరవై ఏళ్లు హాయిగా బతికిన మనిషికి ఒక వేసవిలో ఉన్నట్టుండి మా ఊరి సర్కారు బడిలో ఇంగ్లీషు మీడియం కావాలనిపించింది. ఊరి పిల్లల భవిష్యత్తు తలుచుకుంటే కంటికి కునుకు రావడం లేదని ఇంటి ముందు అరుగు, మా మాటలో జగలి, దాని మీద కూర్చుని అందరికీ చెప్పాడు. మధ్యాహ్నం ముద్ద తిని అదే జగలి మీద ఆయన పెట్టే గురక పక్క వీధికి వినిపిస్తుందని నాకు తెలుసు. కానీ కోడలు చెప్పే మాటలు జగలి దాకా రావు.

మాది కర్ణాటకలో గుడిబండెకూ పేరేసంద్రకూ నడుమ ఉన్న ఊరు. నేను చింతామణి వైపు నుంచి కోడలిగా వచ్చాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసుకు పోతే రెండూ కలిపి. ఈ బతుకు మాకెవరికీ ఎప్పుడూ బరువనిపించలేదు. ఇంగ్లీషు లేదని మా ఊళ్లో ఎవరూ ఏడ్చినట్టు నేను చూడలేదు. ఏడుపు వేరే దానికి. అది చెప్పాలంటే ముందు రోడ్డు సంగతి చెప్పాలి.

రోడ్డుకు ఇటు ఊరు. అటు కాలనీ. ఊరంటే మేము, భూములున్న ఇళ్లు, అంగళ్లున్న ఇళ్లు. కాలనీ అంటే అంటరానివాళ్లని మా తాతముత్తాతలు బయట ఉంచిన కులాల ఇళ్లు. సర్కారు అక్కడ కరెంటు స్తంభాలు పాతింది, కొళాయి వేసింది, దానికి కాలనీ అని మర్యాదైన పేరు పెట్టింది. మధ్యలో రోడ్డును మాత్రం ఎవరూ ఏమీ చేయలేదు.

మా ఇంట్లో పట్టుపురుగులు మేపుతాం. తోటలో మల్బరీ ఆకు కోసేది, పురుగులకు మేత వేసేది, పురుగులు పండితే ఏరి గూళ్లు కట్టడానికి వెదురు చంద్రికల మీద వేసేది, అంతా కాలనీ ఆడవాళ్లే. పండిన పురుగు పూట కూడా ఆగదు. ఆ పూట చేతులు చాలకపోతే పంటంతా నాశనం. అందుకని ఆ పూట ఎవరు ఏ గదిలోకి వచ్చారో, ఎవరి చెయ్యి ఎక్కడ తగిలిందో మా ఇంట్లో ఎవరికీ కనిపించదు. పని ముగిసి, వాళ్లు జగలి మీద కూర్చుని కాఫీ తాగి లేచి పోయారో లేదో, పోయిన మైల గబగబా తిరిగొస్తుంది. వాళ్ల గ్లాసులు వేరు, దొడ్డి గోడ గూట్లో బోర్లించి ఉంటాయి. వాళ్లు కూర్చున్న చోటు తుడవాలి. అత్త ఉన్నన్నాళ్లు అత్త తుడిచింది. ఆమె పోయాక నేను తుడిచాను. తడిగుడ్డతో కుడి నుంచి ఎడమకు రెండుసార్లు, గుడ్డ మడత తిప్పి ఇంకోసారి. ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు. పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లినట్టే అదీ ఒక పని.

అలా వచ్చే ఆడవాళ్లలో ఒకామె నేను కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ మా తోటలో ఉంది. ఆమెకూ నాకూ ఒకే నెలలో ఆడపిల్లలు పుట్టారు. ఇద్దరినీ ఒకటే రోజు ఒకటో తరగతిలో చేర్చాం. అప్పటికి బడిలో ఇంకా ఒకటే గది, ఒకటే పాఠం. మా ఊళ్లో ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలు అప్పటికే పసుపు వ్యానెక్కి బాగేపల్లికీ చిక్కబళ్లాపురానికీ పోతున్నారు. మిగిలిన మా వాళ్ల గొప్పతనం ఏమిటంటే, ఫీజు కట్టడానికి చెయ్యి రాదు, కాలనీ పిల్లల పక్కన కూర్చోబెట్టడానికి మనసు రాదు.

ఆ ఏడాదే కొత్త టీచరమ్మ వచ్చింది. మామ బడి కమిటీకి ఛైర్మన్ కాబట్టి మర్యాదకు మొదటిరోజు మా ఇంటికి వచ్చింది. మామ ఊరు అడిగాడు, నాన్న పని అడిగాడు, అది చాలక మెల్లగా, "మీ మనెదేవరు ఎవురమ్మా?" అన్నాడు. మా వైపు ప్రతి ఇంటికీ ఒక ఇంటి దేవుడుంటాడు. దేవుడి పేరూ ఊరి పేరూ కలిపితే కులం తెలిసిపోతుంది. కులం అడగడం తప్పు, దేవుణ్ణి అడగడం భక్తి. ఇంత తెలివి మా వాళ్లు ఇంకే పనిలోనూ చూపించగా నేను చూడలేదు.

టీచరమ్మ నవ్వింది. "దానికి దేవుణ్ణి ఏంటికప్పా శ్రమ పెట్టేది? నేరుగా అడిగితే చెప్తా కదా. నేను బాగేపల్లి తావ ఒక కాలనీ బిడ్డను," అంది.

మామ ముఖం చూడాలి. దగ్గు రాకపోయినా దగ్గాడు. లోపల స్టీలు గ్లాసులో కాఫీ పోసిన నేను గడప దగ్గర ఆగిపోయాను. టీచరు కాబట్టి గూట్లోని గ్లాసులో ఇవ్వలేం, కాలనీ కాబట్టి ఇంటి గ్లాసులో ఇవ్వలేం. మామ కళ్లతో అటక చూపించాడు. అక్కడ పండగకు తెచ్చిన కాగితం కప్పులున్నాయి. కాఫీ అందులోకి ఒంపి ఇచ్చాను. కాగితం కప్పు కనిపెట్టిన మహానుభావుడికి మా ఊరివాళ్లు గుడి కట్టాలి, వాళ్ల కష్టాన్ని అంతగా తీర్చాడు. టీచరమ్మ ఆ కప్పును ఒకసారి చూసి, తాగి, తానే తీసుకుపోయి దిబ్బలో పడేసింది. ఆమె పోయాక నేను జగలి తుడిచాను.

అయినా ఒక మాట చెప్పాలి, ఆమె చదువు చెబితే పిల్లలకు చదువు వచ్చేది. ఇద్దరికి ఒక పుస్తకం ఇచ్చి, ఒకరు వేలు పెట్టాలి, ఒకరు చదవాలి అనేది. తరువాత మార్చుకోవాలి. మా పాపకు ఆ కాలనీ పాప జత. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ కనిపించినదల్లా చదివేవాళ్లు. ఉప్పు పొట్లం, ఎరువు మూట, గోడ మీద ఓట్ల రాతలు, పాలడైరీ బోర్డు. బడి నుంచి వస్తూ రోడ్డు మీద ఒకరు వేలు చూపించడం, ఇంకొకరు గట్టిగా చదవడం. రోడ్డు దగ్గరికి రాగానే ఒకరు ఇటు, ఒకరు అటు.

దాని మీదే పుట్టింది గొడవ. ఇద్దరికి ఒక పుస్తకమంటే తలకు తల తగులుతుంది కదా. "వాళ్ల తలల్లో పేన్లు మా పిల్లోళ్లకు ఎక్కతాండాయి," అని ఒకరన్నారు. మా ఊరి పేన్లు ఎటూ ఎక్కవన్నట్టు! అది నోటి నోటికీ పాకి, జగలి మీద పంచాయితీగా తేలి, ఆఖరికి ఇంగ్లీషు మీడియమై కూర్చుంది. కులం గది కావాలని ఏ ఆఫీసులో అడుగుతారు? ఇంగ్లీషు గది కావాలంటే సాహేబులు శభాష్ అని సంతకం పెడతారు. పెట్టారు కూడా. రెండో తరగతి నుంచి ఒక గది ఇంగ్లీషుకు. సీట్లు ముప్పై. ఎక్కువమంది అడిగితే అందరి ముందూ చీటీలు వేసి తీయాలని షరతు.

కాలనీవాళ్లూ అడిగారు. ఎందుకు అడగరు? అది మా మామకు పెద్ద అవమానమైపోయింది. "వీళ్లకేంటికప్పా ఇంగ్లీషు?" అని నాలుగురోజులు ఆశ్చర్యపోయాడు. నాలుగు మాటల పండితుడు!

బడి తెరిచే ముందురోజు మధ్యాహ్నం నేను నడవలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. మామ మంచం మీద కాగితం ముక్కలు పరుచుకుని పేర్లు రాస్తున్నాడు. మా పిల్లల చీటీలు నాలుగు మడతలు పెట్టాడు. కాలనీ పిల్లలవి బీడీలాగా చుట్టాడు. తరువాత మా పాపను పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"రేపు నువ్వే తియ్యల్ల బంగారూ. చెంబులో చెయ్యి పెడితే రెండు రకాలు తగుల్తాయి. మడిచినవి తియ్యి. చుట్టినవి తియ్యాకు. సరేనా?"

"ఏంటికి తాతా?"

"అవి పాడైపోయిండే చీటీలు."

నేను విన్నాను. "చిన్నబిడ్డకు ఏం నేర్పిస్తాండారు మామా?" అన్నాను. "నీకేం తెలుసు, గింజలు చూసుకో," అన్నాడు. గింజలు చూసుకున్నాను. పైగా నిజం చెప్పాలంటే, మా పాపకు సీటు ఖాయమని లోపల ఎక్కడో ఒక సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యమేస్తుంది.

మరునాడు బడిలో బల్ల మీద ఇత్తడి చెంబు పెట్టారు. మావాళ్లు లోపల బెంచీల మీద కూర్చున్నారు. కాలనీవాళ్లు కిటికీ బయట నిలబడ్డారు. నిలబడమని ఎవరూ చెప్పలేదు, కూర్చోమనీ ఎవరూ అనలేదు. హెడ్‌మాస్టరు ఒక మూల. పెన్షనుకు రెండేళ్లున్న మనిషి, ఆ రెండేళ్లూ ఏమీ చూడకుండా గడపాలని ఒట్టు పెట్టుకున్నాడు. మా పాప కొత్త గౌను వేసుకుని చెంబులో చెయ్యి పెట్టి ఒక్కొక్కటే మడత చీటీ తీసి తాతకు ఇస్తోంది. మామ విప్పి చదువుతున్నాడు. దేవుడే పలుకుతున్నట్టు మావాళ్లు తలలాడిస్తున్నారు.

సగం అయ్యాక పాప చెయ్యి లోపల ఆగింది. కిటికీ వైపు చూసింది. అక్కడ దాని జత పాప కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంది. మా పాప చెంబులో నుంచి చుట్టిన చీటీ తీసింది. ఏదో ఒకటి చుట్టినది తీస్తే తన స్నేహితురాలు వచ్చేస్తుందనుకున్నట్టుంది, ఏడేళ్ల బుర్ర. విచిత్రంగా వచ్చింది కూడా.

మామ చీటీ విప్పాడు. ఒక్క క్షణం చూశాడు. తరువాత గట్టిగా మా అంగడివాళ్ల మనవడి పేరు చదివాడు.

"తాతా, అది కాదు," అంది పాప. తాత మోకాలి మీదికి వంగి వేలు పెట్టి, టీచరమ్మ నేర్పించినట్టే, అక్షరం అక్షరం చూపిస్తూ తన స్నేహితురాలి పేరు చదివింది. "చూడు, ఇట్లుండాది."

హెడ్‌మాస్టరు తిరగని ఫ్యాను వైపు చూశాడు. మామ గట్టిగా నవ్వాడు. "పాపకు ఇంకా చదివేది రాదప్పా! కన్నడమే ఇట్ల చదువుతాది. అందుకే కదా ఇంగ్లీషు కావల్లనేది!" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. టీచరమ్మ గోడ దగ్గర నుంచి, "బిడ్డ సరిగానే చదివినాదప్పా," అంది. ఆ నవ్వులో ఆ మాట వినపడలేదన్నట్టు నటించారు. చీటీ మామ చొక్కా జేబులోకి పోయింది. పాప ముఖం ఎర్రబడింది. నా వైపు చూసింది. కిటికీ బయట నుంచి ఆ పాప తల్లి కూడా నా వైపే చూసింది. నేను పైట సర్దుకున్నాను.

ముప్పై సీట్లూ మావే. దేవుడి లీల!

ఇక టీచర్ల పంపకం. ఇంగ్లీషు మీడియంకు చెప్పడానికి సర్కారు ఇచ్చిన శిక్షణ మా బడిలో తీసుకున్నది ఒక్కరే. ఆ టీచరమ్మే. హెడ్‌మాస్టరు పాపం అంతవరకు నోరు తెరిచి చెప్పాడు. మామ చెయ్యి ఊపేశాడు. "ఆమె కన్నడ గదికే సరిపోతాది సార్. ఆ పిల్లోళ్లకు ఆమె చెప్తేనే అర్థమయితాది." ఇంగ్లీషు గదికి మా వాళ్లలోనే ఒకరి అల్లుణ్ణి అతిథి టీచరుగా పెట్టారు. అతనికి ఇంగ్లీషు రాదు, కానీ మనెదేవరు సరిగ్గా కుదిరాడు. ఇంగ్లీషు కోసం గది కట్టి, ఇంగ్లీషు వచ్చిన మనిషిని గది బయట నిలబెట్టిన తెలివి మావాళ్లది. ఇది నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో, ప్రతిసారీ నవ్వు వస్తుంది, నవ్వు మధ్యలోనే కడుపు మండుతుంది.

ఇంగ్లీషు గదికి రంగు వేశారు, ఫ్యాను వేశారు, గోడ మీద ఏనుగు బొమ్మ గీయించారు. కన్నడ గది వంటగది పక్కన, వాన పడితే కారేది. మూడు నెలల్లో వరండాలో నీళ్ల డ్రమ్ములు కూడా రెండయ్యాయి. నీళ్లకు కూడా మీడియం వచ్చింది! ఇంటర్వెల్‌లో ఇంగ్లీషువాళ్లు అరుగు మీద, కన్నడవాళ్లు మైదానంలో. కులం అనే మాట ఒక్కరూ అనరు. "వాళ్లు కన్నడమోళ్లు" అంటారు, అంతే. మేమంతా ఏదో లండన్ నుంచి దిగినట్టు.

అతిథి టీచరు సెల్‌ఫోనులో ఇంగ్లీషు పాటలు పెట్టేవాడు. పిల్లలు గెంతేవాళ్లు. తరువాత బోర్డు మీద రాసి పెడితే చూసి దించుకునేవాళ్లు. మా పాప నోటుపుస్తకం ముత్యాలు పేర్చినట్టుండేది. మామ చుట్టాలు వస్తే దాన్ని పిలిచి వారాల పేర్లు చెప్పించేవాడు. మండే నుంచి సండే దాకా అది గుక్క తిప్పుకోకుండా చెబితే, ఆయన మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. నేను కూడా మురిసిపోయాను. పదోతరగతి దాకా చదివినదాన్ని, ఒక్కనాడైనా పుస్తకం తెరిచి ఇది చదువమ్మా అని అడగలేదు. రాత బాగుంటే చాలనుకున్నాను.

కాలనీలోని ఆ జత పాప మొదట్లో సాయంత్రాలు మా వాకిలి దాకా వచ్చేది. మా పాప కొన్నాళ్లు వెళ్లింది, తరువాత లోపలి నుంచే "నాకు హోంవర్క్ ఉండాది" అనేది. తరువాత ఆ పాప రావడం మానేసింది. తల్లి మాత్రం పనికి వస్తూనే ఉంది. ఒకరోజు తోటలో ఆకు మూట కడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మా, ఆ పొద్దు చీటీలో మా పాప పేరే కదా ఉండింది?"

"నాకేం తెలుసు మే? నేను సరిగా చూడలే," అన్నాను.

ఆమె మూట ఎత్తమంటే ఎత్తాను. ఆ సాయంత్రం జగలి మామూలుకంటే గట్టిగా తుడిచాను.

ఏడాదిన్నర గడిచింది. పిల్లలు మూడో తరగతిలో ఉన్నారు. ఒకరోజు పాపకు పంటి నొప్పి అని చిక్కబళ్లాపురం తీసుకుపోయి, తిరిగి వస్తూ పేరేసంద్రలో దిగాం. అక్కడ బాగేపల్లి బస్సులూ గుడిబండె బస్సులూ ఒకే చోట ఆగుతాయి. నేను అంగట్లో అరటిపళ్లు తీసుకుంటున్నాను. దూరంగా బస్సు కనిపించింది.

"బోర్డు చూడు పాపా, గుడిబండెదయితే ఆపమను," అన్నాను.

అది రోడ్డు దగ్గరికి పోయి బస్సు ముఖం వైపు చూసి నిలబడింది. బస్సు వచ్చి ఆగింది. అది అలాగే నిలబడింది.

"ఏమే, మన బస్సేనా?"

"ఏమో అమ్మా."

"ఏమో ఏంది? చదువు!"

"అది కన్నడ అమ్మా. మాది ఇంగ్లీషు."

మొండికేస్తోందనుకుని కోపమొచ్చింది. ఎదురుగా అంగడి మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు. "సరే, అయితే అది చదువు," అన్నాను. అది వేలు చూపిస్తూ, "బి, ఎ, కె, ఇ..." అని ఒక్కొక్క అక్షరం సరిగ్గా చెప్పింది. చివరిదాకా చెప్పింది. తరువాత ఊరుకుంది. అక్షరాలన్నీ తెలుసు, వాటిని కలిపితే ఒక మాట అవుతుందని తెలియదు. లోపల అద్దాల వెనక బన్నులూ కేకులూ కనిపిస్తూనే ఉన్నాయి.

"బేకరీ," అంది పక్కనుంచి ఒక గొంతు.

ఆ పాపే. తల్లి పక్కన సంచి పట్టుకుని నిలబడి ఉంది. గొప్పకు చెప్పలేదు. కనిపించింది కాబట్టి చదివింది, చిన్నప్పుడు ఇద్దరూ చదివినట్టు. తరువాత బస్సు వైపు తిరిగి కన్నడ బోర్డు కూడా చదివింది. ఆ తల్లి నేను కింద పెట్టిన సంచి అందిస్తూ, "ఎక్కండమ్మా, మన బస్సే," అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా పాపను అడుగుతూ వచ్చాను. మైలురాయి. సిమెంటు గోడ. పంచాయితీ బోర్డు. ఏడేళ్లప్పుడు వేలు పెట్టి తాత అబద్ధాన్ని అందరి ముందూ పట్టుకున్న బిడ్డ. ఎనిమిదేళ్లు దాటాక, "రాదమ్మా, అడగద్దమ్మా," అని ఏడుపు గొంతుతో అంది. ముందు సీట్లో ఆ పాప వెనక్కి తిరగలేదు, ఆ మర్యాద దానికెవరు నేర్పారో.

ఇంటికి వచ్చి సంచి కూడా దించకుండా మామ ముందు నిలబడ్డాను. జగలి మీద పేపరు చదువుతున్నాడు.

"పాపకు చదివేది రాదు మామా."

"ఇంగ్లీషు కదమ్మా. నిదానంగా వస్తాది."

"కన్నడ కూడా రాదు. వచ్చిండేది పోయినాది. ఆ పొద్దు చీటీలో పాప సరిగ్గానే చదివినాది. మీరే నలుగురిలో బిడ్డకు చదివేది రాదంటిరి. ఇప్పుడు మీ మాటే నిజమయ్యింది, సంతోషమా?"

పేపరు మడిచాడు. "అయితే ఏం చేయల్లంటావు?"

"రేపు టీచరమ్మ గదిలో కూచోబెడతా."

"కాలనీ పిల్లోళ్ల మధ్యన? నేను ఛైర్మన్‌ని! ఊళ్లో తలెత్తుకుని తిరిగేదెట్ల?"

"తల ఎత్తితే కదా మామా, బిడ్డకు బస్సు బోర్డు చదవను రాలేదని కనపడేది."

నా మొగుడు స్తంభానికి ఆనుకుని ఫోను చూస్తున్నాడు. ఏమైనా అంటాడేమోనని చూశాను. వేలితో పైకి తోస్తూనే ఉన్నాడు. మా ఇంటి మగవాళ్ల నోరు జగలి మీద పంచాయితీకి మాత్రమే తెరుచుకుంటుందని ఆ రోజు తెలిసింది. పక్కింటావిడ గోడ మీద నుంచి విని, నేను దొడ్లోకి పోగానే గుసగుసగా, "మావోనికీ రాదమ్మా. యాడా చెప్పాకు," అంది. అందరికీ తెలుసు! ముప్పై ఇళ్లల్లో ముప్పైమంది తల్లులకూ తెలుసు. పిల్లలు ఏమీ చదవలేకపోయినా పర్వాలేదు, పక్కన ఎవరు కూర్చున్నారన్నదే ముఖ్యం. ఇలాంటి మనుషుల మధ్య ఇన్నేళ్లు ఎలా అన్నం తిన్నానా అనిపించింది.

పొద్దున్నే పాపకు తల దువ్వి, రిబ్బన్లు కట్టి, రుమాలు జేబులో పెట్టి బడికి తీసుకుపోయాను. హెడ్‌మాస్టరు గది మార్చాలంటే ఛైర్మన్ సంతకం కావాలేమో అన్నాడు. "తల్లి సంతకం చాలదా సార్?" అన్నాను. ఫ్యాను వైపు చూశాడు. ఆ రోజు అది తిరుగుతోంది. సంతకం పెట్టించుకున్నాడు.

వరండాలో నడుస్తుంటే ఇంగ్లీషు గదిలో పిల్లలందరూ తలలు బయటికి పెట్టి చూశారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. నేను తల ఎత్తుకుని నడిచాను. ఊరంతా ఒకవైపు, నేనొక్కదాన్ని ఒకవైపు అనుకున్నాను. మామ మీద, మొగుడి మీద, మూలన కూర్చున్న హెడ్‌మాస్టరు మీద, గోడ మీద నుంచి గుసగుసలాడిన పక్కింటావిడ మీద నాకు ఎంత చులకనభావం ఉందో, నా మీద నాకు అంత గౌరవం కలిగింది. అంత దూరం నడిచేదాకా ఆ గౌరవం ఉండింది.

కన్నడ గదిలో టీచరమ్మ పాఠం ఆపింది. "రా పాపా," అంది, పోయిన సోమవారం కూడా మా పాప అక్కడే ఉన్నట్టు మామూలుగా. రెండో బల్ల మీద ఆ పాప ఒక్కతే కూర్చుని ఉంది. మా పాపను చూడగానే దాని ముఖమంతా విచ్చుకుంది. గబగబా పక్కకు జరిగి, తాను కూర్చున్న చోటే ఖాళీ చేసి, అరచేత్తో బల్లను తట్టింది.

మా పాప వెళ్లింది. సంచి దించింది. జేబులో నుంచి రుమాలు తీసింది. నీళ్ల సీసా మూత తిప్పి రుమాలు తడిపింది. ఆ పాప లేచిన చోటును కుడి నుంచి ఎడమకు రెండుసార్లు తుడిచింది. రుమాలు మడత తిప్పి ఇంకోసారి తుడిచింది. తరువాత కూర్చుంది.

దాని ముఖంలో చెడ్డతనం ఏమీ లేదు. అది ఎప్పుడూ చూసే పని చేసింది. ఏడాదిన్నరలో మా పాప ఒక్క మాట చదవడం నేర్చుకోలేదని ఊరంతటినీ తిట్టుకుంటూ వచ్చాను కదా, నా దగ్గర నేర్చుకున్నది మాత్రం ఒక్క మడత కూడా తప్పలేదు.

టీచరమ్మ పాపను వదిలి నా వైపు చూసింది. ఈసారి సర్దుకోవడానికి నాకు పైట కూడా చేతికి దొరకలేదు.

ఆ పాప మాత్రం బల్ల మీద ఉన్న తన పుస్తకం తడవకుండా గబుక్కున ఎత్తుకుంది. బల్ల ఆరేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆరాక పుస్తకాన్ని మధ్యలో తెరిచి, వేలు ఎక్కడ పెట్టాలో మా పాపకు చూపించింది.